బాపట్ల దగ్గర చేతులు మారే బండ్లు

జూలై పద్దెనిమిది, గురువారం. ఉదయం పదకొండు గంటలు. తెనాలి ఆఫీసు, మేడ మీద గది. మబ్బుగా ఉంది, వాన లేదు.

హాజరైనవారు: పద్మజ గారు, మా లారీ సంస్థ యజమాని. సాంబయ్య, బాపట్ల బ్రాంచి చూసే మనిషి. శ్రావణి, విజయవాడ సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున. ఆంజనేయులు అనే నేను, ఇదే ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు బండ్లు పంపి రిటైరైనవాణ్ణి.

రానివారు: మస్తాన్, నాగేశ్వరరావు, డ్రైవర్లు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. మాట్లాడుకున్నదంతా వాళ్ళ గురించే.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. లారీ ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు నన్ను చూసినప్పుడల్లా అడుగుతుంటారు, "సార్, ఆ సాఫ్ట్‌వేరు ఎలా ఎంచుకున్నారు?" అని. ఒక్క ముక్కలో చెప్పగలిగే సమాధానం నా దగ్గర లేదు. అందుకే డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఎవరికి ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారు అన్నవి ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

పెద్దాయన అడిగిన ప్రశ్న

పద్మజ గారి నాన్నగారిని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. నాలుగు లారీలతో తెనాలిలో మొదలుపెట్టి, రేపల్లెలో, బాపట్లలో బ్రాంచీలు తెరిచారు. చీరాల నుంచి బట్టల బేళ్ళు, కాకుమాను వైపు నుంచి మినుములు, నగరం అనే ఊళ్ళో, రేపల్లెలో ఉన్న మిల్లుల నుంచి బియ్యం. ఏ బండికి ఏ లోడు, ఏ డ్రైవరు, ఏ దారి అన్నది చూడటమే నా పని. గోడకు ఒక నల్లబోర్డు, బల్ల మీద ఒక రిజిస్టరు, ఒక ఫోను ఉండేవి.

చేరిన నెలలోనే ఒకరోజు పెద్దాయన వచ్చి, "కాకుమాను లోడు ఎక్కడుందయ్యా?" అన్నారు.

"పొన్నూరు దాటింది సార్."

"ఎవరి చేతిలో దాటింది?"

నేను రిజిస్టరు చూసి డ్రైవరు పేరు చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "పొన్నూరు టీకొట్టు దగ్గర నేను చూశాను. తోలేది క్లీనరు. డ్రైవరు పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బండి ఎక్కడుందో ఎవడైనా చెబుతాడు. ఎవరి చేతిలో ఉందో చెప్పేవాడే నాకు కావాలి" అన్నారు.

మా పని మొత్తం ఆ మాటలో ఉందని ఇప్పటికీ నమ్ముతాను. ఆ మాటను నేను ఎలా తప్పానో ముందు చెబుతాను, సాఫ్ట్‌వేరు సంగతి తర్వాత అర్థమవుతుంది.

బాపట్ల మార్పిడి

మస్తాన్‌ది రేపల్లె. నాగేశ్వరరావుది చీరాల, అందరం నాగేశు అంటాం. రేపల్లె నుంచి చీరాలకు రోజూ ఒక బండి బియ్యంతో వెళుతుంది, చీరాల నుంచి రేపల్లెకు రోజూ ఒకటి బేళ్ళతో వస్తుంది. దూరం పెద్దది కాదు. కానీ లోడు దింపి, మళ్ళీ ఎత్తేసరికి పొద్దుపోతుంది. డ్రైవరు అక్కడే పడుకుని మర్నాడు తిరుగు బండి తోలుకుని రావాలి. అంటే రోజు విడిచి రోజు ఊరుగాని ఊళ్ళో నిద్ర.

మస్తాన్ భార్య రజియా రేపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆవిడకు రాత్రి డ్యూటీ. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నాగేశు భార్య లక్ష్మి మగ్గం నేస్తుంది. నేతకు ముందు నిలువు దారాల పడుగును వీధిలో పరిచి గంజి పెట్టేది తెల్లవారుజామునే, ఎండ ఎక్కక ముందే. దానికి రెండో మనిషి ఉండాలి. రెండో మనిషి ఏమో రేపల్లెలో లారీ కింద చాప వేసుకుని పడుకుని ఉండేవాడు.

పదకొండేళ్ళ క్రితం వాళ్ళిద్దరూ కలిసి నా దగ్గరకు వచ్చారు. "సార్, ఇద్దరం బాపట్లలో ఎదురుపడుతూనే ఉన్నాం. అక్కడ బండ్లు మార్చుకుంటాం. నేను ఆయన బండి ఎక్కి రేపల్లె వెళ్ళిపోతా, ఆయన నా బండి ఎక్కి చీరాల వెళ్ళిపోతాడు. సరుకు ఆగదు, బండి ఆగదు, మేం మాత్రం ఎవరింటికి వాళ్ళం చేరతాం" అన్నాడు మస్తాన్.

ఇద్దరికీ లైసెన్సు ఉంది. ఇద్దరూ మా మనుషులే. తప్పేమీ కనబడలేదు. కానీ పెద్దాయన బండికి ఒకడే డ్రైవరు ఉండాలనేవారు. ఒక బండి ఇద్దరి చేతుల్లో నలిగితే దాని బాధ ఎవడికీ పట్టదని ఆయన గట్టి నమ్మకం. నాకు ఆయనను అడిగే ధైర్యం లేకపోయింది. "సరే, కానివ్వండి" అన్నాను. రిజిస్టరులో మాత్రం బయలుదేరిన డ్రైవరు పేరే చివరిదాకా ఉంచాను. మార్పిడి జరిగిన రోజున నా డైరీలో, పేజీ మూల, "బా" అని చిన్న అక్షరం రాసుకునేవాణ్ణి.

నేను రిటైరయ్యేలోపు ఆ అక్షరం నా డైరీల్లో ఎన్ని పేజీల్లో ఉందో నేను లెక్కపెట్టలేదు.

ఆ వానరోజు

తొమ్మిదేళ్ళ క్రితం, ఆషాఢంలో, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసు ఫోను మోగింది. దారిన పోయే మనిషెవరో. చెరుకుపల్లి దాటాక లారీ ఒకటి మురుగు కాలువలోకి జారిందని, డ్రైవరును రేపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పి బండి నంబరు చదివాడు.

రిజిస్టరు తీశాను. ఆ నంబరు బండి పొద్దున చీరాల నుంచి బయలుదేరింది. ఎదురుగా డ్రైవరు పేరు: నాగేశ్వరరావు. చీరాలకు ఫోను చేసి లక్ష్మికి చెప్పాను.

డైరీ సొరుగులో ఉంది. ఆ రోజు పేజీ మూల "బా" అని నా చేత్తోనే రాసి ఉంది. రిజిస్టరు కళ్ళ ముందు ఉంది. కంగారులో మనిషి కళ్ళ ముందున్నదే చదువుతాడు.

లక్ష్మి మగ్గం మీద నుంచి లేచి, ఫోను కూడా అక్కడే వదిలేసి, కాళ్ళకు చెప్పులు లేకుండా బస్సెక్కి రేపల్లె వెళ్ళింది. ఆసుపత్రి మంచం మీద మెడ దగ్గర ఎముక విరిగి పడుకుని ఉన్నది మస్తాన్. అతని ఫోను కాలువలో పోయింది. రజియా నంబరు లక్ష్మికి తెలియదు. తెలియని ఊళ్ళో, తన మొగుడు కాని మనిషి మంచం పక్కన, సాయంత్రం దాకా కూర్చుంది. చీరాలలో నాగేశు ఇంటికి వెళితే తలుపు బార్లా తీసి ఉంది, మగ్గం మీద పోగు వేసే నాడె సగంలో ఆగి ఉంది, ఇంట్లో మనిషి లేదు.

ఇక రజియా. మొగుడు వేళకు రాలేదని పిల్లల్ని పక్కింట్లో దింపి, తిట్టుకుంటూ డ్యూటీకి వచ్చింది. మస్తాన్‌ను చేర్చింది ఆవిడ పనిచేసే ఆసుపత్రిలోనే అని వార్డులోకి అడుగుపెట్టాక తెలిసింది.

ఒక్క తప్పు ఫోనుకు మూడు చోట్ల మనుషులు నరకం చూశారు. ఆ తర్వాత నేను చేసినది అంతకంటే తప్పు. మర్నాడు రిజిస్టరులో నాగేశు పేరు కొట్టేసి పైన మస్తాన్ పేరు రాశాను. పెద్దాయన చూసి, "కొట్టివేత ఏంటి?" అన్నారు. "పొరపాటున రాశాను సార్" అన్నాను. ఆయన నమ్మారు. మస్తాన్ రెండు నెలల్లో కోలుకున్నాడు. మార్పిడి మళ్ళీ మొదలైంది. ఆ రోజు నుంచి లక్ష్మి మాత్రం మా ఆఫీసు నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తదు.

చెడ్డ రోజు ఇచ్చి నడిపించండి

రిటైరైన మూడేళ్ళకు పద్మజ గారు ఇంటికి వచ్చారు. అప్పటికి పెద్దాయన లేరు. "బాబాయ్ గారూ, బండ్లు పెరిగాయి, ఇక నల్లబోర్డుతో కాదు. సాఫ్ట్‌వేరు తీసుకుంటున్నాం. రెండు కంపెనీలు వచ్చాయి, రెండూ మాటల్లో బంగారమే. మీరొచ్చి కూర్చోండి" అన్నారు.

వాళ్ళు పదే పదే అన్న మాట ఇంటిగ్రేషన్. నాకు అర్థమైనంతవరకు అది ఇంతే: ఒక చోట తెలిసిన సంగతి, మనిషి మధ్యలో రాయకుండా, ఇంకో చోటికి దానంతటదే చేరడం. బండిలోని జీపీఎస్‌కు తెలిసింది ఆఫీసు తెరకు, కాటాకు తెలిసిన బరువు బిల్లుకు, సరుకుతో ఉండాల్సిన ఈ-వే బిల్లు వివరం ట్రిప్పు షీటుకు, డ్రైవరు ఫోనుకు తెలిసింది అందరికీ. సాఫ్ట్‌వేరు మంచిచెడ్డలు తెర అందంలో ఉండవు. ఈ అతుకుల దగ్గర ఉంటాయి. చొక్కా చిరిగేది కుట్టు దగ్గరే కదా.

డెమో చూసి ఏదీ కొనకండి. డెమోలో వాన పడదు. నేను పాత డైరీలు తిరగేసి పది చెడ్డ రోజులు ఏరి ఇద్దరికీ ఇచ్చాను. "ఈ రోజులు మీ దాంట్లో నడిపి చూపించండి" అన్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన మొదటి కంపెనీ కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. శ్రావణి మాత్రం డైరీ పేజీలు ఫొటో తీసుకుంది.

మొదటి దెబ్బ మ్యాపు దగ్గర తగిలింది. నగరం ఊరికి పోయే లోడును మొదటి కంపెనీ తెర హైదరాబాదు పక్కన అదే పేరున్న ఇంకో ఊరికి పంపింది. మన నగరం పక్క ఊళ్ళోనే ఉన్న బండిని చూపించి, ఇంకా ఏడు గంటల ప్రయాణం ఉందంది. సాంబయ్య ఆ తెర ముందు చాలాసేపు నిలబడి, "పర్లేదండీ, మావాడు వెళ్ళొస్తాడు. వచ్చేటప్పుడు బిర్యానీ తెమ్మంటాను" అన్నాడు.

రెండో దెబ్బ కాకుమాను కాటా దగ్గర. ఖాళీ బండిని పొద్దున పొడిగా తూస్తారు. లోడెత్తాక వాన కురిస్తే పైన కప్పిన పట్టా నీళ్ళు తాగి బరువెక్కుతుంది. కాటా మనిషి చీటీ మీద "తడి పట్టా" అని రాస్తాడు, మిల్లు వాళ్ళు అర్థం చేసుకుంటారు. కాటా నుంచి అంకె నేరుగా కంప్యూటరుకు వెళితే ఆ రెండు మాటలు ఎక్కడికి పోతాయి? రెండు కంపెనీల దగ్గరా సమాధానం లేదు. శ్రావణి వారం తర్వాత తెర మీద ఆ మాటలు రాసే గడి ఒకటి చేర్చుకొచ్చింది. మొదటి కంపెనీ వాళ్ళు, "పట్టా తడవకుండా చూసుకోండి సార్" అన్నారు.

తర్వాత ఇద్దరికీ చెరి రెండు వారాలు నిజం బండ్ల మీద నడిపే అవకాశం ఇచ్చాం.

మొదటి కంపెనీది బండిలో ఉన్న జీపీఎస్ ఒక్కటే చూస్తుంది. బయలుదేరేటప్పుడు ఏ డ్రైవరు పేరు రాస్తే చివరిదాకా అదే పేరు. రెండు వారాలూ తెర నిండా పచ్చ చుక్కలు. మస్తాన్ రేపల్లెలో ఇంట్లో పిల్లలకు అన్నం పెడుతుంటే, మస్తాన్ చీరాల గోడౌనులో లోడు దింపిస్తున్నాడని ఆ తెర ధీమాగా చెప్పింది. అచ్చం నా రిజిస్టరు లాగే.

శ్రావణి వాళ్ళది డ్రైవరు ఫోను ఎక్కడుందో కూడా చూస్తుంది. ఫోనూ బండీ విడిపోతే ఎరుపు. రెండు వారాలూ, రోజూ, బాపట్ల దాటగానే రెండు ఎర్రగీతలు.

ఆ గదిలో

పద్మజ గారు ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచారు.

"ఇదేంటి బాబాయ్ గారూ? మస్తాన్ ఫోను రేపల్లెలో ఉంటుంది, అతను తోలాల్సిన బండి చీరాలలో ఉంటుంది. నాగేశుది దీనికి సరిగ్గా రివర్సు. అంటే ఆ బండ్లు ఎవరు తోలుతున్నారు? లైసెన్సు లేనివాడెవడికైనా అప్పగించి వీళ్ళు ఇంటికి పోతున్నారా?"

"ఫోన్లు ఇంటి దగ్గర మర్చిపోయుంటారండీ," అన్నాడు సాంబయ్య.

"ఇద్దరూనా? రోజూనా? బాపట్ల దాకా జేబులో వచ్చి, అక్కడి నుంచి ఫోనొక్కటే నడుచుకుంటూ ఇంటికి పోతుందా సాంబయ్యా?"

సాంబయ్య సీలింగు ఫ్యాను వైపు చూశాడు. అతని బ్రాంచి ముందే పదకొండేళ్ళుగా మార్పిడి జరుగుతోంది.

శ్రావణి మంచి పిల్ల. "మా వైపు తప్పు కూడా అయ్యుండొచ్చు మేడమ్. ఫోను లొకేషను, బండి లొకేషను కలిపే చోట తేడా పడిందేమో. రెండ్రోజులు టైమిస్తే చూస్తాను" అంది.

పద్మజ గారు నా వైపు తిరిగారు. "మొదటి కంపెనీ దాంట్లో ఒక్క ఎరుపు కూడా లేదు. మెషిను తప్పయితే మెషిను వద్దందాం. మనుషుల తప్పయితే ఆ ఇద్దర్నీ ఇవాళే బండి దింపేస్తాను. మీకు తెలియని దారి లేదు. మీరు ఏది చెబితే అది."

బల్ల కింద సాంబయ్య కాలు నా కాలిని తొక్కింది.

దాచకుండా రాస్తున్నాను. ఒక్క మాట సరిపోయేది. "మెషినే తప్పమ్మా, పచ్చదే తీసుకుందాం" అంటే మస్తాన్ ఉద్యోగం ఉండేది, రజియా డ్యూటీ సాగేది, నా కొట్టివేత సంగతి నాతోనే పోయేది. అందరికీ మేలే కదా అని నాలో ఒకడు అన్నాడు కూడా. కానీ ఆ పచ్చ తెరను కొంటే, రేపు ఇంకో వానరోజు నా కుర్చీలో ఉన్నవాడు దాన్ని చూసి మళ్ళీ తప్పు ఇంటికే ఫోను చేస్తాడు. ఈసారి అతని సొరుగులో డైరీ కూడా ఉండదు.

"మెషిను తప్పు కాదమ్మా," అన్నాను. "వాళ్ళ తప్పూ కాదు. నాది."

డైరీలు సంచిలో తెచ్చుకునే వచ్చాను. తీసి "బా" అక్షరాలు చూపించాను. ఆషాఢం నాటి పేజీ తెరిచి మొత్తం చెప్పాను, లక్ష్మి చెప్పుల్లేని కాళ్ళ దాకా.

"నాన్నగారికి తెలుసా?"

"తెలియదమ్మా."

"కొట్టివేత సంగతి?"

"పొరపాటున రాశానని అబద్ధం చెప్పాను."

ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. కింద ఆవరణలో రెండు బండ్లు లోడుకు నిలబడి ఉన్నాయి. "ఆంజనేయులు రాసిన రిజిస్టరు చదివితే బండి ఎదురుగా నిలబడ్డట్టే ఉంటుందని నాన్న అనేవారు" అన్నారు, ఇటు తిరగకుండానే.

నేను డైరీలు ఒక్కొక్కటే మూసి సంచిలో పెట్టుకున్నాను.

శ్రావణి కలం తీసింది. "మార్చుకునేటప్పుడు వాళ్ళు ఏం చేస్తారు సార్? వరసగా చెప్పండి."

"టీ తాగుతారు," అన్నాడు సాంబయ్య.

"టీ కాకుండా?"

"ఒక టీ చెప్పి రెండు గ్లాసుల్లో పోయించుకుంటారమ్మా. తాగుతూ బండి జబ్బులన్నీ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. సీటు మీద తువ్వాలు ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. తాళాలు మార్చుకుంటారు. అంతే."

శ్రావణి తువ్వాలుతో సహా రాసుకుంది. "సరుకు కాగితంలో బండి నంబరే ఉంటుంది, డ్రైవరు పేరు ఉండక్కర్లేదు. బండి మారట్లేదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ట్రిప్పును బాపట్ల దగ్గర రెండు ముక్కలు చేద్దాం. ఇచ్చేవాడు ఇచ్చానని, తీసుకునేవాడు తీసుకున్నానని ఫోనులో నొక్కాలి. ఇద్దరూ నొక్కితేనే పేరు మారుతుంది."

పద్మజ గారు మొదటి కంపెనీకి కూడా ఫోను కలిపి ఇదే అడిగారు. "ఒక ట్రిప్పుకు ఒక డ్రైవరే మేడమ్. మీరే మీ పద్ధతి మార్చుకుంటే బెటరు" అని సమాధానం వచ్చింది. పిల్లలూ, మీ వృత్తి జీవితంలో ఈ మాట చాలాసార్లు వింటారు. ఒక్కోసారి అది నిజం కూడా. కానీ పద్ధతి ఏంటో అడగకముందే మార్చుకోమనేవాడి దగ్గర ఏమీ కొనకండి.

నేను శ్రావణిని ఇంకో గడి అడిగాను. ఇంటి ఫోను నంబరు. బండి చేతులు మారిన ప్రతిసారీ ఆ రెండు ఇళ్ళకూ కబురు వెళ్ళాలి, ఎవరు ఏ బండిలో ఉన్నారో.

"ఇది ఎవరూ అడగలేదండి ఇంతవరకూ," అంది.

"అడగాల్సి వచ్చే పని ఎవరూ చేసుండరమ్మా."

మధ్యాహ్నం ఇద్దరు ఇల్లాళ్ళకూ ఫోను చేశాను. రజియా విని, "పెట్టండి సార్. ఎప్పుడో పెట్టాల్సింది" అంది. లక్ష్మికి ఆఫీసు ఫోను నుంచి రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. సాయంత్రం ఇంటికొచ్చిన నాగేశుకు చెబితే అతనే ఆమెకు చెప్పి, సరేనందన్నాడు.

అంతకుముందు, ఆ గదిలోంచి వెళ్ళేటప్పుడు పద్మజ గారు, "రేపు పొద్దున బాపట్ల వస్తాను. నా కళ్ళతో చూశాక చెబుతాను, ఈ మార్పిడి ఉంటుందో ఆగిపోతుందో. అప్పటిదాకా ఎవరికీ మాట ఇవ్వకండి" అన్నారు. నన్ను బాబాయ్ అనలేదు.

మర్నాడు పొద్దున

జూలై పంతొమ్మిది, శుక్రవారం. పదింటికి అందరం బాపట్ల చేరాం; ముందు రోజు చెప్పిన మార్పులు శ్రావణి రాత్రికి రాత్రే చేసుకొచ్చింది. నాగేశు బేళ్ళ లోడుతో అప్పటికే వచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పద్మజ గారు కారు దిగడం చూసి గ్లాసు కింద పెట్టబోయి బల్ల అంచు మీద పెట్టాడు, పడి పగిలింది. "పోనీలే, ఇవాళ ఇద్దరికీ ఒకే గ్లాసు," అన్నాడు సాంబయ్య.

పావుగంటకు మస్తాన్ వచ్చాడు. బండి దిగుతూనే నాగేశుతో, "బావా, బ్రేకు కొంచెం కిందకి పోతోంది, రెండుసార్లు తొక్కు. ఎడమ అద్దం ఊగుతోంది, గుడ్డముక్క కట్టా. హారను మోగితే మోగుద్ది, లేకపోతే లేదు" అన్నాడు.

"నా చేతిలో బానే మోగిందిగా మొన్న. నీ చేతిలో పడ్డాకే దానికి సిగ్గొచ్చింది."

అప్పుడు మస్తాన్ పద్మజ గారిని చూశాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న మార్పిడి గురించి కాదు. "బ్రేకు ఎన్నాళ్ళ నుంచి అలా ఉంది?"

"నాలుగు రోజులండి."

"ఆఫీసుకు ఎందుకు చెప్పలేదు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేం చెప్పుకుంటున్నాం కదండీ..." అన్నాడు నాగేశు.

పద్మజ గారు నా వైపు చూశారు. బండి ఇద్దరి చేతుల్లో నలిగితే దాని బాధ ఎవరికీ పట్టదన్న పెద్దాయన మాటలో సగం నిజం అక్కడే కనబడింది. బాధ ఇద్దరికీ పట్టింది. ఆఫీసుకు చేరలేదు, అంతే. చేరే దారి మూసి పెట్టినవాణ్ణి నేను.

సాంబయ్య మెకానిక్‌ను పిలిపించాడు. బ్రేకు సరిచేయడానికి అరగంట పట్టింది. ఈలోపు శ్రావణి టీకొట్టు బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఇచ్చానని నొక్కే ముందు బండి జబ్బులు చెప్పే గడి ఒకటి చేర్చింది. రాయక్కర్లేదు, మాట్లాడితే చాలు. మస్తాన్ ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, సభలో మాట్లాడుతున్నట్టు గొంతు సవరించుకుని, "ఎడమ అద్దం. హారను" అన్నాడు.

"మస్తాన్, మీ ఆవిడ డ్యూటీ ఎన్నింటికి?" అన్నారు పద్మజ గారు.

"ఎనిమిదింటికండి."

"అయితే ఏడు లోపు ఇంట్లో ఉండు." శ్రావణి వైపు తిరిగారు. "అగ్రిమెంటు పంపించమ్మా. మీదే తీసుకుంటున్నాం." తర్వాత నాతో, "బాబాయ్ గారూ, మీరు టీ తాగారా?" అన్నారు.

తాళాలు మారాయి. ఇద్దరూ ఫోన్లు నొక్కారు. నాగేశు చీరాల వెళ్ళే బియ్యం బండి ఎక్కి సీటు మీద తువ్వాలు పరుచుకుంటున్నాడు. అప్పుడు నా సొంత ఫోను మోగింది. చీరాల నంబరు.

"బాబాయ్ గారూ, నేను లక్ష్మిని. మీ నంబరు ఈయన ఇచ్చాడు. ఇప్పుడు ఏదో మెసేజి వచ్చిందండి, బాపట్లలో బండెక్కాడని. మీరు పెట్టిందేనా?"

"మెషిను పెట్టిందమ్మా."

ఆవల మగ్గం చప్పుడు ఆగింది.

"ఈసారి మా ఆయనేనా?"

నేను బండి వైపు చూశాను. నాగేశు అద్దానికి కట్టిన గుడ్డముక్క బిగిస్తూ మస్తాన్‌ను ఏదో తిడుతున్నాడు.

"ఆయనేనమ్మా. నా ఎదురుగానే ఉన్నాడు."

"అయితే వచ్చేటప్పుడు గంజికి బియ్యప్పిండి తెమ్మనండి," అంది లక్ష్మి. "రేపు పొద్దున్నే పడుగు."